మీ స్టార్ల కోసం మేము కత్తిరించే నిమిషాలు: టీవీ సంస్థల అధిపతులకు బహిరంగ లేఖ

టీవీ సంస్థల యజమానులకు, కార్యక్రమాల విభాగాలు నడిపే పెద్దలకు,

నమస్కారం.

పేరున్న యాంకరో నటుడో సెట్లో ఎవరి మీదో చెయ్యి చేసుకున్నాడనో, జూనియర్ అమ్మాయితో వెకిలిగా మాట్లాడాడనో బయటికొచ్చిన ప్రతిసారీ రెండు వర్గాలు తయారవుతాయి. ఇంత చిన్నదానికి అంత పెద్ద స్టార్‌ని తీసేస్తారా అని కొందరు, ఇంకా గెంటెయ్యలేదేం అని కొందరు. మీరేమో మూడు రోజులు ఉలుకూ పలుకూ లేకుండా ఉండి, నాలుగో రోజు 'విషయం పరిశీలనలో ఉంది' అని రెండు ముక్కల ప్రకటన ఇస్తారు. ఆ మూడు రోజులూ లోపల ఏం జరుగుతుందో మాలాంటి వాళ్లకు తెలుసు. లీగల్ వాళ్లు కాంట్రాక్టు తిరగేస్తుంటారు. సేల్స్ వాళ్లు స్పాన్సర్లను బుజ్జగిస్తుంటారు. ఎడిటింగ్ విభాగానికి మాత్రం ఒక కబురొస్తుంది: ఆ రోజు రషెస్ (కత్తిరించకముందు ఉండే అసలు ఫుటేజీ) ఎవరడిగినా ఇవ్వొద్దు.

నేను వీడియో ఎడిటర్‌ని. స్టూడియో షోలు, రియాలిటీ షోలు, సీరియళ్లు అన్నీ చేశాను, ఇప్పటికీ చేస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తియ్యాలి. చేసిన పని తీవ్రమైనదని సరైన విచారణలో తేలితే, అదే పనికి ఒక లైట్‌మన్‌నో ప్రొడక్షన్ అసిస్టెంట్‌నో మీరు ఇంటికి పంపేవాళ్లే అయితే, స్టార్‌నీ పంపాలి. రేటింగ్ ఎంత, ఫాలోవర్లు ఎందరు, వచ్చే సీజన్‌కి ఎంత అడ్వాన్స్ వచ్చింది అన్నవి ఆ లెక్కలోకి రాకూడదు. ఈ మాట చాలామంది చెప్పారు, నేను కొత్తగా కలిపేదేమీ లేదు. నన్ను కలం పట్టించింది వేరే సంగతి. తియ్యాలా వద్దా అనే ప్రశ్న మీ బోర్డు రూమ్ దాకా వచ్చేసరికి ఏళ్లు గడిచిపోయి ఉంటాయి. అన్నేళ్లూ మాకు తెలియదని మీరంటారు. కానీ తెలియజెప్పే సాక్ష్యం మీ సర్వర్లోనే ఉంటుంది.

చూసేవాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. 'కట్' అనగానే కెమెరా ఆగొచ్చు గానీ కాలర్ మైక్ ఆగదు. ప్రతి టేకుకీ ఆపి మొదలుపెడితే బొమ్మకీ శబ్దానికీ జత కుదిర్చే సింక్ తిప్పలు పడలేక సౌండ్ రికార్డిస్టు చాలాసార్లు రికార్డర్‌ని అలాగే నడవనిస్తాడు. రియాలిటీ షోలకైతే నాలుగైదు కెమెరాలు పొద్దుట మొదలై ప్యాకప్ దాకా తిరుగుతూనే ఉంటాయి. అరగంట ఎపిసోడ్‌కి పది పదిహేను గంటల ఫుటేజీ మా టేబుల్ మీదికి రావడం మామూలే. తెర మీద స్టార్ నవ్వుతూ చెప్పిన మాటకు ముందేముందో, వెనకేముందో మేము వింటాం. మేకప్ అమ్మాయిని ఎలా పిలిచాడో వింటాం. చదవాల్సిన మాటలు చూపించే ప్రాంప్టర్ ఒక్క క్షణం వెనకబడితే దాన్ని నడిపే కుర్రాణ్ని ఇంట్లోవాళ్లతో సహా తిట్టడం వింటాం. తిట్టిన తర్వాత ఎవరో ఒకరు ఇబ్బందిగా నవ్వుతారు. డైరెక్టర్ గొంతు సవరించుకుని 'సరే సార్, ఇంకోసారి ఫ్రెష్‌గా వెళ్దాం' అంటాడు. నిజం చెప్పాలంటే తిట్ల కన్నా ఆ 'సరే సార్' దగ్గరే ఆ సెట్ ఎలాంటిదో నాకు తెలిసిపోతుంది.

అదంతా టైమ్‌లైన్ మీదనుంచి పోతుంది. పోవాలి కూడా, ప్రసారానికి పనికొచ్చేది కాదది. నా ఫిర్యాదు అది పోవడం గురించి కాదు. ఎపిసోడ్‌లోంచి తీసేసినదాన్ని సంస్థ కూడా ఎప్పుడూ జరగనట్టే చూడటం గురించి.

అమెరికాలో సీబీఎస్ చానెల్‌ వాళ్ల 'బుల్' సీరియల్ సంగతి చూడండి. 2017లో ఎలైజా దుష్కు అనే నటి అందులో చేరింది. కొన్నేళ్లు కొనసాగే పాత్ర అని చెప్పి తీసుకున్నారు. హీరో మైఖేల్ వెదర్లీ యూనిట్ అందరి ముందూ తన మీద లైంగికమైన వ్యాఖ్యలు చేస్తున్నాడని ఆమె అభ్యంతరం చెప్పింది. మూడు ఎపిసోడ్లతో ఆమె పాత్ర ముగిసిపోయింది. వ్యవహారం మధ్యవర్తిత్వానికి వెళ్లింది. అప్పుడు సంస్థ తరఫు లాయర్లు ఒక గొప్ప ఆలోచన చేశారు. ఈమె కూడా సెట్లో బూతు మాటలు వాడింది, కావాలంటే చూడండి అంటూ ప్రసారం కాని ఫుటేజీ బయటికి తీశారు. తీసి చూస్తే ఆమె చెప్పినవన్నీ ఆ ఫుటేజీలోనే ఉన్నాయి. 2018 జనవరిలో 95 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. ఆ సంవత్సరం డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ రాసేదాకా ఈ సంగతి జనానికి తెలియదు. అవి స్క్రిప్టులోని డైలాగుల మీద వేసిన జోకులని, ఆమె బాధపడిందని తెలియగానే క్షమాపణ అడిగానని హీరో చెప్పుకున్నాడు. సీరియల్ 2022 దాకా నడిచింది.

ఆ 95 లక్షలు దాదాపుగా ఆమె నాలుగు సీజన్లు నటిస్తే వచ్చే పారితోషికమని అప్పట్లో రాశారు. అంటే నటించనందుకు ఆమెకు నాలుగు సీజన్ల డబ్బు ముట్టజెప్పి, మాట జారినవాడితో షూటింగ్ కొనసాగించారన్నమాట. వ్యాపారపరంగా చూసినా ఇందులో తెలివేమిటో నాకు అర్థం కాదు. ఆ ఫుటేజీ రాజీకి చాలా ముందే ఒక ఎడిట్ సూట్‌లోకి వచ్చి ఉండాలి కదా. దాన్ని విన్నవాళ్లు ఎవరికి చెప్పాలి? ఎవరికి చెబితే వాళ్ల ఉద్యోగం నిలుస్తుంది? ఈ రెండు ప్రశ్నలకు ఏ సంస్థలోనూ సూటిగా జవాబు చెప్పిన పెద్దమనిషిని నేను చూడలేదు.

మీలో చాలామంది పదే పదే ఉదాహరణగా చెప్పుకునేది బీబీసీ కార్ల షో 'టాప్ గేర్' యాంకర్ జెరెమీ క్లార్క్‌సన్ వ్యవహారం. దాన్ని కాస్త వివరంగానే చూడాలి, ఎందుకంటే స్టార్‌ని తీసెయ్యడానికి వ్యతిరేకంగా చెప్పే వాదనలన్నీ ఒకేచోట బయటపడ్డ సందర్భమది. 2015 మార్చి 4న ఇంగ్లండ్‌లో నార్త్ యార్క్‌షైర్‌లోని ఒక హోటల్‌కి షూటింగ్ ముగించుకుని వచ్చారు. అప్పటికే వంటగది మూసేశారు, వేడి భోజనం లేదు. ఆ కోపంలో క్లార్క్‌సన్ తన యూనిట్‌లోని ఒక ప్రొడ్యూసర్‌ని తిట్టి, కొట్టాడు. బీబీసీ స్కాట్లాండ్ అధిపతి కెన్ మెక్‌క్వారీ విచారణ చేశారు. అవతలివాడు రెచ్చగొట్టకుండానే దాడి జరిగిందని, కొట్టడం సుమారు 30 సెకన్లు సాగిందని, పక్కనున్న వ్యక్తి ఆపాక గానీ ఆగలేదని, పెదవి వాచి రక్తం కారిందని, ఆ ప్రొడ్యూసర్ ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చిందని తేల్చారు. తిట్ల వర్షం అంతకన్నా చాలాసేపు సాగిందట.

ఇక్కడ రెండు విషయాలు చాలామంది మర్చిపోయారు. మొదటిది, దెబ్బలు తిన్న మనిషి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చెయ్యలేదు. సంస్థకు చెప్పింది క్లార్క్‌సనే. దీన్ని బట్టి క్లార్క్‌సన్‌ని మెచ్చుకునేవాళ్లు ఉన్నారు, కొంతవరకు మెచ్చుకోవాల్సిందే. నాకు మాత్రం అవతలి మనిషి ఎందుకు చెప్పలేదో ఆలోచించాలనిపిస్తుంది. 200కు పైగా దేశాలకు, ప్రాంతాలకు అమ్ముడుపోయే షోలో పని చేస్తూ, ఆ షోకి ముఖమైన మనిషి మీద కాగితం రాసివ్వడం ఏ ప్రొడ్యూసర్‌కీ తేలిక కాదు. రెండోది, ఆ గొడవకు పది నెలల ముందే, 2014 మేలో, ప్రసారం కాని ఒక టేక్ పత్రికకు చిక్కింది. అందులో పాత పిల్లల పాట ఒకటి గొణుగుతూ జాత్యహంకారపు మాట అన్నట్టు వినిపించింది. క్లార్క్‌సన్ క్షమాపణ చెప్పాడు. ఇంకొక్క తప్పు చేస్తే పంపించేస్తామని బీబీసీ చెప్పిందని తనే తర్వాత రాసుకున్నాడు. చూడండి, అక్కడ కూడా మొదట బయటపడింది వాడకుండా పక్కనపడేసిన టేకే.

సస్పెండ్ చెయ్యగానే జనం విరుచుకుపడ్డారు. తిరిగి తీసుకోవాలని పది లక్షల మందికి పైగా సంతకాలు పెట్టారు. ఆ సంతకాలను ఒక యుద్ధ ట్యాంకు మీద ఊరేగింపుగా బీబీసీ ఆఫీసుకి తెచ్చారు. దెబ్బలు తిన్నవాడికేమో ఆన్‌లైన్‌లో తిట్లు, బెదిరింపులు. ఆ అబ్బాయిని వదిలెయ్యండని చివరికి క్లార్క్‌సనే చెప్పాల్సి వచ్చింది. మార్చి 25న డైరెక్టర్ జనరల్ టోనీ హాల్ కాంట్రాక్టు పొడిగించడం లేదని ప్రకటించారు. హోదాని బట్టి, వ్యాపారాన్ని బట్టి, ప్రచారాన్ని బట్టి ఒకరికో రూలు ఇంకొకరికో రూలు ఉండకూడదన్నది ఆయన మాటల సారాంశం.

పది లక్షల సంతకాలు లక్షలాది అభిమానుల నిజమైన ప్రేమే, దాన్ని నేను వెటకారం చెయ్యను. వాళ్లకు ఆ షో ఇష్టం, ఆ మనిషి ఇష్టం. కానీ వాళ్లు చూసింది మేము కత్తిరించి ఇచ్చిన మనిషిని. పని చేసే చోట ఒకడు ఎలా ఉన్నాడో తేల్చడానికి ప్రేక్షకుల ఓటు పనికిరాదు, ఆ చోటు వాళ్లు చూడలేదు గనక. రేటింగ్ అనేది కూడా ఓటే కాబట్టి అదీ అంతే. దీనికి వెనకవైపు కూడా ఉంది. సోషల్ మీడియాలో గెంటెయ్యమని అరిచే పది లక్షల మందికీ అదే వర్తిస్తుంది. రెండు గుంపుల్లో దేని మాటా వినకండి.

ఇక మీరు ఎప్పుడూ వాడే వాదనకొస్తాను: 'ఒక్కడి తప్పుకు రెండొందల మంది పొట్ట కొట్టమంటారా?' ఇది ఉత్త సాకు కాదు. షో ఆగితే మొదట పోయేది మా పనే. నెల నెలా అద్దె కట్టుకునే అసిస్టెంట్ ఎడిటర్లకు ఇది నవ్వులాట కాదు. కాకపోతే స్టార్ పోతే షో పోతుందని మీరు అనుకున్నంత తరచుగా షో పోలేదు. 2011 మార్చిలో వార్నర్ బ్రదర్స్ వాళ్లు అమెరికా కామెడీ సీరియల్ 'టూ అండ్ ఎ హాఫ్ మెన్' నుంచి చార్లీ షీన్‌ని తీసేశారు. ఎపిసోడ్‌కి సుమారు 18 లక్షల డాలర్లు తీసుకునే నటుడు, తన షో సృష్టికర్తనే బాహాటంగా తిట్టిపోశాడు. ఆ సీజన్‌లో మిగిలిన ఎపిసోడ్లు ఆగిపోయాయి, యూనిట్ ఇబ్బంది పడింది. సెప్టెంబరులో ఆష్టన్ కుచర్‌తో మళ్లీ మొదలుపెడితే మొదటి ఎపిసోడ్‌ని 2.8 కోట్ల మంది పైగా చూశారు. అది 2015 ఫిబ్రవరి దాకా నడిచింది. 2018 మేలో నటి రోజాన్ బార్ పెట్టిన జాత్యహంకార ట్వీట్ తర్వాత గంటల్లోనే అమెరికా చానెల్ ఏబీసీ ఆమె షోని రద్దు చేసింది. అది సెట్లో జరిగిన తప్పు కాదు గనక నేను చెప్పే విషయంలోకి పూర్తిగా రాదు. కానీ తర్వాత జరిగింది చూడండి. యూనిట్ ఉద్యోగాలు నిలవడం కోసం ఆమె తన హక్కులు వదులుకుంది, మిగతా నటులతో 'ద కానర్స్' అనే కొత్త షో అక్టోబరులో మొదలై 2025 దాకా సాగింది. 'టాప్ గేర్' కూడా ఆగలేదు. కొత్త యాంకర్ క్రిస్ ఎవాన్స్ ఒక్క సీజన్‌కే తప్పుకున్నాడు, ఆ తర్వాత నిలదొక్కుకుంది. చివరికి ఆగింది షూటింగ్‌లో జరిగిన ఒక ఘోర ప్రమాదం తర్వాత.

క్లార్క్‌సన్ సంగతంటారా, 2015 జూలైకల్లా అమెజాన్‌తో ఒప్పందం చేసుకున్నాడు. ఉద్యోగం తీసెయ్యడం అంటే జీవితం తీసెయ్యడం కాదు. ఒక సంస్థ మా దగ్గర వద్దంది, ఇంకో సంస్థ రమ్మంది. స్టార్‌కి ఆ రెండో తలుపు ఎప్పుడూ ఉంటుంది. ఫిర్యాదు చేసిన అసిస్టెంట్‌కి ఉండదు. ఆ కుర్రాడి పేరు కాల్ షీట్లలోంచి నెమ్మదిగా జారిపోతుంది. ఎవరూ పొమ్మనరు, పొగ పెడతారంతే. 'కాస్త తేడా మనిషి' అన్న ఒక్క మాట ప్రొడక్షన్ మేనేజర్ల మధ్య తిరిగితే చాలు.

ఇంకా మాట్లాడితే, ఒక్కడి మీద రెండొందల మంది బతుకులు ఆధారపడేలా షోని కట్టింది ఎవరు? ఆ రెండొందల మంది కాదు. పదేళ్లు అన్ని ప్రోమోలూ ఒకే ముఖంతో నింపి, రెండో యాంకర్‌ని ఎదగనివ్వకుండా ఉంచి, తప్పు బయటపడ్డ రోజు యూనిట్ పొట్ట చూపిస్తున్నారు. సంక్షోభం వచ్చినప్పుడు తప్ప మా పొట్టల గురించి ఇంత బెంగ మీ మీటింగుల్లో నేనెప్పుడూ వినలేదు.

డబ్బు గురించి ఒక్క ఉదాహరణ. 2017 ఏప్రిల్ 1న న్యూయార్క్ టైమ్స్ అమెరికా వార్తా చానెల్ ఫాక్స్ న్యూస్ యాంకర్ బిల్ ఓరైలీ గురించి రాసింది. అతనూ, సంస్థా కలిసి అయిదుగురు మహిళలకు సుమారు 1.3 కోట్ల డాలర్లు ఇచ్చి వేధింపుల ఫిర్యాదులు సర్దుబాటు చేసుకున్నారని. ఓరైలీ ఆరోపణలన్నీ కాదన్నాడు. 50కి పైగా ప్రకటనదారులు తప్పుకున్నాక, ఏప్రిల్ 19న అతన్ని తప్పించారు. అక్టోబరులో మరో సంగతి బయటపడింది. ఆ జనవరిలోనే ఇంకో మహిళతో 3.2 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది, ఆ తర్వాతి నెలే సంస్థ అతని కాంట్రాక్టును ఏడాదికి 2.5 కోట్ల డాలర్ల చొప్పున పొడిగించింది. ఒప్పందం ఉందని తెలుసు గానీ ఎంతో తెలియదని సంస్థ చెప్పింది. కాబట్టి ఏప్రిల్‌లో కొత్తగా ఏం తెలిసింది? ప్రవర్తన గురించి తెలిసినదాంట్లో పెద్ద తేడా లేదు, ప్రకటనలు పోయాయంతే. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అంటారే, ఆ లెక్కన ఎంత విలువైన కుండ పగిలిందో చెప్పేది స్పాన్సరే అయింది. ఇలా తీసెయ్యడాన్ని న్యాయం అని ఎవరైనా అంటే నాకు చిరాకేస్తుంది.

'ఇంతకుముందు ఒక్క ఫిర్యాదూ రాలేదు' అనే మాట కూడా వింటూంటాం. 2017 నవంబరు 29న అమెరికా చానెల్ ఎన్బీసీ తన 'టుడే' షో యాంకర్ మాట్ లౌవర్‌ని లైంగిక దుష్ప్రవర్తన ఫిర్యాదు మీద తీసేసినప్పుడు, ఇరవై ఏళ్లకు పైగా సాగిన అతని ఉద్యోగంలో ఇదే మొదటి ఫిర్యాదని, కానీ ఇదొక్కటే అయి ఉండకపోవచ్చని వార్తా విభాగం చైర్మన్ సిబ్బందికి రాశాడు. బలవంతం ఏమీ లేదన్నది లౌవర్ వాదన. మరుసటి ఏడాది మే నెలలో సంస్థ లోపలి విచారణ, పైవాళ్లకు ముందు తెలిసినట్టు ఆధారాల్లేవని తేల్చింది. విచారణ చేసిందీ సంస్థ మనుషులే. ఇరవై ఏళ్లలో ఒక్క ఫిర్యాదూ రాకపోతే మనిషి మంచివాడనైనా అనుకోవాలి, ఫిర్యాదు చేసే దారి మూసుకుపోయిందనైనా అనుకోవాలి. స్టార్ విషయంలో మీరు ఎప్పుడూ మొదటిదే ఎంచుకుంటారు.

బీబీసీ వాళ్ల వంటల పోటీ షో 'మాస్టర్‌షెఫ్' దీనికి ఇంకో వైపు చూపిస్తుంది. దాని యాంకర్ గ్రెగ్ వాలస్ మీద వచ్చిన 83 ఆరోపణల్లో 45 నిజమని 2025 జూలైలో వెలువడ్డ స్వతంత్ర విచారణ నివేదిక చెప్పింది. ఎక్కువ భాగం అసభ్యమైన మాటలు, జోకులు. అత్యంత తీవ్రమైన ఆరోపణలు నిలవలేదని వాలస్ అన్నాడు. నన్ను ఆపిన అంశం వేరు. నిజమని తేలినవాటిలో దాదాపు అన్నీ 2005 నుంచి 2018 మధ్య జరిగినవి. 2018 తర్వాతది ఒక్కటే. మధ్యలో 2017లో బీబీసీ అతన్ని పిలిచి హెచ్చరించింది. నాకు కనిపిస్తున్న సంబంధం ఇదీ: గట్టిగా చెప్పిన ఒక్క హెచ్చరిక పనిచేసినట్టే ఉంది. కానీ అది రావడానికి పన్నెండేళ్లు పట్టింది. అదే హెచ్చరిక రెండో సీజన్‌లో పడి ఉంటే ఎంతమంది అమ్మాయిలకు ఆ మాటలు తప్పేవి? బహుశా అతని ఉద్యోగం కూడా నిలిచేది. మొదట్లోనే నిలదియ్యడం స్టార్‌కి కూడా మేలు చేస్తుందని మీకెవరూ చెప్పినట్టు లేరు.

అప్పటికే షూట్ అయిన సీజన్‌ని, పోటీదారుల శ్రమ వృథా కాకూడదని ఆగస్టులో ప్రసారం చేశారు. ప్రసారం చెయ్యొద్దని కోరిన ఒక పోటీదారు, వెయ్యక తప్పదని తేలాక, తనను తీసెయ్యమంది. తీసేశారు. ఎడిటర్‌గా ఆ వార్త చదివి నేను కాసేపు ఇంకేమీ చదవలేకపోయాను. ఆ షోలోంచి ఎవరి షాట్లు పోవాలో, ఎవరి షాట్లు పోయాయో చూడండి.

స్టార్ల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే అన్యాయమవుతుంది. ఆరోపణ వచ్చిన సాయంత్రానికే తీసేసి చేతులు దులుపుకోవడం ధైర్యం కాదు. అది కూడా భయమే, ఈసారి ఇంకో గుంపుకి. నటుడు కెవిన్ స్పేసీ విషయం తీసుకోండి. 2017లో 'హౌస్ ఆఫ్ కార్డ్స్' సీరియల్ నుంచి తప్పించారు. యూనిట్ సభ్యుల పట్ల ప్రవర్తనతో వేధింపుల నిరోధక విధానాన్ని ఉల్లంఘించాడని మధ్యవర్తి తేల్చి, నిర్మాణ సంస్థకు దాదాపు 3.1 కోట్ల డాలర్లు కట్టమన్నాడు. తర్వాత అది చాలా తక్కువకు రాజీ అయింది. మరోవైపు, వేరే వ్యక్తులు పెట్టిన కేసుల్లో 2022లో న్యూయార్క్ జ్యూరీ అతనికి బాధ్యత లేదంది, 2023 జూలైలో లండన్ కోర్టు తొమ్మిది అభియోగాల్లోనూ నిర్దోషిగా తేల్చింది. అభిమానులు కోర్టు తీర్పు చూపించి అంతా కుట్ర అంటారు, వ్యతిరేకులు మధ్యవర్తి నిర్ణయం చూపించి తీర్పులు దండగ అంటారు. అవి వేర్వేరు మనుషుల ఫిర్యాదులు, వేర్వేరు ప్రశ్నలు. నేరం రుజువైందా అని కోర్టు అడుగుతుంది. ఈ మనిషితో కలిసి పనిచెయ్యమని మిగతావాళ్లను అడగగలమా అని యాజమాన్యం అడగాలి. రెండో ప్రశ్నకు జవాబు కోర్టు మీదికి నెట్టొద్దు.

అలాగే ప్రతి తప్పుకీ ఉద్యోగం తియ్యమని నేననను. పద్నాలుగు గంటలు లైట్ల కింద నిలబడ్డ మనిషి ఒకరోజు గొంతు పెంచితే, మర్నాడు వచ్చి క్షమించమని అడిగితే, అది అక్కడితో ఆగాలి. టెన్షన్‌లో అందరం నోరు జారతాం, ఎడిట్ సూట్లో డెడ్‌లైన్ రాత్రి వినిపించే మాటలు కూడా అంత శ్రావ్యంగా ఉండవు. చెయ్యి లేవడం వేరు. ఒంటి మీద చెయ్యి వెయ్యడం వేరు. పని ఇప్పిస్తానని ఆశ చూపడం, ఇప్పించనని బెదిరించడం వేరు. నోరు విప్పినవాళ్ల మీద పగబట్టడం అన్నిటికన్నా వేరు. ఈ నాలుగింటి దగ్గరా నాకు రెండో అవకాశం అనే మాట తోచదు.

ఊరుకుంటే ఎక్కడిదాకా పోతుందో కూడా లోకం చూసింది. బీబీసీ యాంకర్ జిమ్మీ సావిల్ తన బీబీసీ పనితో ముడిపడి 72 మందిని లైంగికంగా హింసించాడని మాజీ న్యాయమూర్తి జానెట్ స్మిత్ సమీక్ష 2016 ఫిబ్రవరిలో తేల్చింది. అప్పటికి అతను చనిపోయి నాలుగేళ్లు దాటింది. బతికుండగా అతనికి ఏ శిక్షా పడలేదు. నేను చెంపదెబ్బను ఆ దారుణాలతో పోల్చడం లేదు. కింది వాళ్ల మాట పైదాకా వెళ్లని పద్ధతి మాత్రం రెండుచోట్లా ఒకటే. స్టార్లంటే సిబ్బందిలో ఉండే భయం ఇంకా పోలేదని కూడా ఆ సమీక్ష చెప్పింది.

మీరు చెయ్యాల్సింది నాకు తెలిసినంతలో చెబుతాను, నా పనికి దగ్గరగా ఉన్నవి మాత్రమే. గొడవ జరిగిన రోజు రషెస్‌కి తాళం వెయ్యండి, కానీ తాళం చెవి షో ప్రొడ్యూసర్ దగ్గరా పీఆర్ దగ్గరా ఉండకూడదు. విచారణ చేసేవాళ్లు బయటివాళ్లయి ఉండాలి, ఆ స్టార్ షో మీద ఆదాయం వచ్చే ఎవరికీ వాళ్లు జవాబుదారీ కాకూడదు. ఫలితం వచ్చేదాకా పని మానిపించాల్సి వస్తే స్టార్‌ని మానిపించండి, జీతంతోనే. ఫిర్యాదు చేసినవాళ్లను 'మీ మంచికే' అని ఇంటికి పంపొద్దు. ఇంకొకటి, మాలో చాలామందిమి మీ ఉద్యోగులం కాము. ప్రాజెక్టు లెక్కన వస్తాం, పోతాం. హెచ్‌ఆర్ అంటే మాకు ఐడీ కార్డు ఇచ్చే కిటికీ. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో ఆమోదించిన 190వ ఒడంబడిక పని ప్రదేశంలో హింస, వేధింపుల నుంచి రక్షణ ఒప్పందం ఎలాంటిదైనా అందరికీ వర్తించాలంది. శిక్షణలో ఉన్నవాళ్లు, ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చినవాళ్లు కూడా అందులోకి వస్తారు. మీ నియమావళిలో మొదటి పేజీలో 'ఉద్యోగులు' అని ఉన్నచోట 'సెట్‌కి వచ్చే ప్రతి ఒక్కరూ' అని మార్చడానికి మీకు ఏ ప్రభుత్వ అనుమతీ అక్కర్లేదు.

చివరిది మా కాంట్రాక్టుల గురించి. ఎడిటర్ సంతకం పెట్టే ప్రతి కాగితంలో గోప్యత నిబంధన ఉంటుంది. ఫుటేజీలో చూసింది, విన్నది బయట ఎక్కడా చెప్పకూడదు. కథ లీకవకుండా, విజేత పేరు ముందే బయటపడకుండా ఆ నిబంధన ఉండటం సబబే. అదే నిబంధన ఒక మనిషి ఇంకో మనిషిని కొట్టిన శబ్దాన్ని కూడా కప్పేస్తోంది. అమెరికాలో 2022 డిసెంబరులో వచ్చిన 'స్పీక్ అవుట్' చట్టం లైంగిక వేధింపుల విషయంలో ముందుగానే రాయించుకున్న ఇలాంటి మౌన ఒప్పందాలు చెల్లవంది. కానీ దెబ్బలు, బూతులు, బెదిరింపులు ఆ చట్టంలోకి రావు. మీరే ఒక వాక్యం చేర్చండి: పని ప్రదేశంలో హింసకూ వేధింపులకూ సంబంధించి ఫుటేజీలో కనిపించినది, వినిపించినది విచారణాధికారికి చెప్పడం ఈ ఒప్పందాన్ని ఉల్లంఘించినట్టు కాదు. మీ లీగల్ విభాగానికి పది నిమిషాల పని. ప్రస్తుతం నా దగ్గరున్న కాంట్రాక్టులో ఆ వాక్యం లేదు, అందుకే ఈ ఉత్తరం కింద పేరు రాయడం లేదు.

ఇట్లు,
ఒక వీడియో ఎడిటర్